అందరి ఊపిరీ ఇరవయ్యే

ఏ ఆసుపత్రి జనరల్ వార్డుకైనా వెళ్లి, మంచం చివర వేలాడే టీపీఆర్ చార్టు, అంటే జ్వరం, నాడి, ఊపిరి రాసే కాగితం, ఒకటి తీసి చూడండి. జ్వరం గడిలో అంకెలు మారుతుంటాయి. నాడి మారుతుంది, బీపీ మారుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు పీల్చారో రాసే ఊపిరి గడిలో మాత్రం పొద్దున్న 20, మధ్యాహ్నం 20, రాత్రి 20. పక్క మంచం చార్టు తీసినా 20. కాలు విరిగిన కుర్రాడికీ 20, నిమోనియాతో చేరిన ముసలాయనకీ 20. ఆ చార్టులన్నీ వరసగా పెట్టి చూస్తే వార్డంతా ఒకే తాళానికి ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది.

ఆ ఇరవైలు నేనూ రాశాను. పుట్టింది పర్లాకిమిడిలో. నర్సింగు చదివి పదహారేళ్లుగా మహేంద్రతనయ నదికి అటూ ఇటూ ఉన్న ఆసుపత్రుల్లో పనిచేస్తున్నాను, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. రోగి ఒంటికి అంటించి, ఊపిరీ గుండె వేగమూ రాత్రంతా కనిపెట్టుకుని ఉండే ప్యాచీలు వార్డుల్లోకి రావాలా వద్దా అని ఈ మధ్య మా వాళ్లలో గట్టి వాదనలు జరుగుతున్నాయి. నా మాట ఇది: రావాలి. అదీ పెద్ద నగరాల ఐసీయూల కంటే ముందు మాలాంటి ఊళ్ల జనరల్ వార్డుల్లోకి రావాలి. కాని వాటి పేరు చెప్పి రాత్రి పూట ఒక్క సిస్టర్ని కూడా తగ్గించకూడదు. ఈ రెండు మాటలూ కలిపే చెబుతున్నాను. మొదటిది ఒప్పుకుని రెండోది పక్కన పెడతామంటే నేను ఆ వైపు లేను.

ఎందుకంటున్నానో చెప్పాలంటే ఎనిమిదేళ్ల కిందటి ఒక రాత్రి గురించి చెప్పాలి.

ఒక ఆసుపత్రి మగవాళ్ల వార్డు. 42 మంచాలు, కింద చాపలేసుకుని మరో ఆరుగురు. ఇద్దరు సిస్టర్లం. 17వ మంచం మీద టెక్కలి వైపు నుంచి వచ్చిన దర్జీ ఒకాయన, యాభై దాటి ఉంటాయి. కాలి పుండు చీము పట్టి, జ్వరంతో చేరాడు. రాత్రి పదింటికి నాడి 104, జ్వరం 101, ఊపిరి 20. రెండింటికి నాడి 112, జ్వరం 100.4, ఊపిరి 20. రెండింటికి రాసింది నేనే. మణికట్టు పట్టుకుని నాడి చూశాను. చంకలో థర్మామీటరు పెట్టాను. ఊపిరి లెక్కపెట్టలేదు. చెయ్యి తనంతట తనే 20 వేసేసింది.

నాలుగింటికి వాళ్లావిడ పరుగెత్తుకొచ్చింది. "సిస్టరమ్మా, మా ఆయన ఎగూపిరి తీస్తన్నాడమ్మా, ఓపాలి సూడమ్మా" అంది. వెళ్లేసరికి ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి, చేతులు చల్లబడ్డాయి. డ్యూటీ డాక్టరు వచ్చారు, ఆక్సిజన్ పెట్టాం, సెలైన్ ఎక్కించాం. ఐదున్నరకి పోయాడు.

ఆ ఎగూపిరి నాలుగింటికి మొదలైంది కాదు. రెండింటికి నేనొక్క నిమిషం ఆయన పొట్ట వైపు చూస్తూ నిలబడి ఉంటే 30 కనిపించేదో, 34 కనిపించేదో. ఎంత కనిపించేదో ఎప్పటికీ తెలియదు, నేను చూడలేదు కాబట్టి. కేస్ షీటు మూసేటప్పుడు ఆ 20 నా దస్తూరీలోనే ఉంది.

ఊపిరి ఎందుకు లెక్కపెట్టరని అడుగుతారు. లెక్క చెబుతాను. సరిగ్గా చూడాలంటే ఒక్కొక్కరికి నిండు నిమిషం పడుతుంది. 42 మందికి 42 నిమిషాలు. చీకట్లో దుప్పటి తొలగించి, మనిషిని లేపకుండా చూడాలంటే గంట. ఆ గంటలోనే ఇంజెక్షన్లు, అయిపోయిన సెలైన్లు, ఊడిపోయిన కాన్యులాలు, 108 తెచ్చిన కొత్త కేసు, రక్తం కోసం ఎదురు చూసేవాళ్లు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. ఆ రాత్రి మాకు కింద చాపల మీదున్న వాళ్లు కాక 21 మందికి ఒకరు. ఇంకో కారణం కూడా ఉంది. జ్వరానికి థర్మామీటరు ఉంది, బీపీకి మెషిను ఉంది, సాచురేషన్‌కి, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతానికి, వేలికి పెట్టే క్లిప్పు ఉంది. ఊపిరి లెక్కకి మాత్రం మా దగ్గర కన్నూ, గడియారమూ తప్ప ఏమీ లేవు. మెషిను లేని పని వెనకబడిపోయింది.

వెనకబడకూడని పని అది. ఒళ్లు లోపల ఎక్కడ చెడినా, చీము రక్తంలోకి పాకినా, గుండె నీరసించినా, మూత్రపిండాలు చేతులెత్తేసి ఒంట్లో నీరు చేరినా, చాలాసార్లు ముందు మారేది ఊపిరి వేగమే. సాచురేషన్ తర్వాత పడుతుంది. మనిషి గబగబా పీల్చి దాన్ని నిలబెట్టుకుంటూ వస్తాడు కాబట్టి క్లిప్పు మీద 95 కనిపిస్తూనే ఉంటుంది. ఆ 95 కోసం వాడెంత కష్టపడుతున్నాడో క్లిప్పు చెప్పదు. ఆక్సిజన్ పెట్టిన రోగి విషయంలో ఇంకా మోసం. ఉద్దానం నుంచి వచ్చే డయాలసిస్ వాళ్లని చూసినవాళ్లకి ఇది బాగా తెలుసు. వెల్లకిలా పడుకోలేక, దిండు ఒళ్లో పెట్టుకుని, మంచం అంచున ముందుకు వంగి కూర్చుంటారు. మనం వెళ్లి అడిగేలోపే వాళ్ల భుజాలు చెప్పేస్తుంటాయి.

మన అమ్మలకిది ఎప్పటినుంచో తెలుసు. "పిల్లాడు డొక్కలు ఎగరేస్తున్నాడు" అని చంకనేసుకుని పరుగెత్తుకొస్తారు కదా, వాళ్లు చెప్పేది ఊపిరి వేగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీతా అదే: రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, అంతకు చేరితే వేగంగా పీలుస్తున్నట్టే. పసిబిడ్డల ఊపిరి ఊళ్లో ఆశా కార్యకర్త లెక్కపెడుతోంది. పెద్దాళ్ల ఊపిరి ఆసుపత్రిలో మేం లెక్కపెట్టడం లేదు.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక స్కోరు పద్ధతి పెట్టింది, 2017లో సరిదిద్దింది. నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్, పొట్టిగా న్యూస్ అంటారు దాన్ని. ఊపిరి, సాచురేషన్, బీపీ, నాడి, స్పృహ, జ్వరం, ఆక్సిజన్ పెట్టారా లేదా, వీటన్నిటికీ మార్కులు. ఊపిరి 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా. 25 చేరితే ఆ ఒక్కదానికే మూడు మార్కులు. మొత్తం ఐదుకి చేరితే డాక్టరు త్వరగా రావాలి, ఏడుకి చేరితే వెంటనే రావాలి. ఇప్పుడు మా చార్టుల్లోని ఆ 20 ఏం చేస్తుందో చూడండి. రావలసిన మూడు మార్కుల్ని సున్నా చేస్తుంది. స్కోరెంత గొప్పదైనా మేం అబద్ధం రాస్తే అది నిజం చెప్పలేదు.

1990లో అమెరికాలో వార్డులో గుండె ఆగిపోయిన 64 మంది కేసులు వెనక్కి తీసి చూస్తే, ఆగడానికి ముందు ఎనిమిది గంటల్లోపు 84 శాతం మందిలో ఒళ్లు చెడుతున్న గుర్తులు కేస్ షీట్లలోనే ఉన్నాయని తేలింది. ఎనిమిది గంటలంటే నా ఒక రాత్రి డ్యూటీ.

ఈ మాటలన్నీ నాకు ప్యాచీలు చూశాకే గట్టిగా అర్థమయ్యాయి. ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడు నెలల పాటు పది మంచాలకి తెప్పించి చూసింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, పల్చటిది. ఎడమ రొమ్ము పైన అంటిస్తాం. అందులోని ఎలక్ట్రోడ్లు గుండె కొట్టుకోవడం పడతాయి, రొమ్ము లేచి పడడాన్ని బట్టి ఊపిరి లెక్కవుతుంది, చర్మం వేడి తెలుస్తుంది, మనిషి లేచాడా పడుకున్నాడా తెలుస్తుంది. అంకెలు బ్లూటూత్ మీద గోడకున్న డబ్బాకి, అక్కడినుంచి సిస్టర్ల బల్ల మీది తెరకి, డ్యూటీ ఫోనుకి వస్తాయి. బీపీ దాంతో రాదు, పట్టీ కట్టాల్సిందే. సాచురేషన్‌కి వేలి క్లిప్పు వేరే. పరుపు కింద పెట్టే రకాలూ ఉన్నాయి, బెంగుళూరు డోజీ అలాంటిదే, ఒంటికి ఏమీ అంటించక్కర్లేదు.

కంపెనీవాళ్లు శిక్షణలో చెప్పని సంగతులు మేం వార్డులో నేర్చుకున్నాం. కొబ్బరినూనె రాసుకున్న ఒంటి మీద ప్యాచీ నిలవదు. స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి అంటించాలి. మే నెల ఉక్కకి సగం రాత్రికి ఒక మూల లేస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు గోడ డబ్బా మళ్లీ పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కిటికీ వైపు చివరి రెండు మంచాలకి సిగ్నల్ అందేది కాదు, తెర మీద అంకెల బదులు చిన్న గీతలు వచ్చేవి. ఈ గీతలు చాలా ప్రమాదం. ఎర్రగా వెలిగితే చూస్తాం, గీతలుంటే బానే ఉన్నాడులే అనుకుంటాం.

ఆ మూడు నెలల్లోనే గుమ్మా వైపు కొండల మీద నుంచి ఒక సవర ముసలమ్మ వచ్చింది. కడుపునొప్పి. ఆమెకి తెలుగు రాదు, ఒడియా రాదు. వెంట వచ్చిన మనవడికి ఒడియా కొంచెం వచ్చు. సాయంత్రం వాడే అటూ ఇటూ మాటలు మోశాడు. రాత్రి మంచం కింద దుప్పటి పరుచుకుని నిద్రపోయాడు. ముసలమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. మూలగలేదు, పిలవలేదు. మెడ నిండా పూసల దండలు ఉంటే, వాటిని ఒక పక్కకి జరిపి ప్యాచీ అంటించింది నేనే.

పదకొండున్నరకి తెర మీద ఊపిరి 19. పన్నెండుంబావుకి 23. ఒంటిగంటకి 26. ఒకటీ నలభైకి 29. నాడి 96, చర్మం వేడి మామూలే. లేచి వెళ్లాను. దుప్పటి కొంచెం జరిపి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాను. ముప్పై. లేచినప్పుడల్లా పూసలు ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఆ చప్పుడు గంటనుంచీ వస్తూనే ఉండి ఉంటుంది, బల్ల దగ్గర కూర్చున్న నాకు వినపడలేదంతే. పొట్ట మీద చెయ్యి వేశాను, చెక్కలా బిగుసుకుని ఉంది.

డ్యూటీ డాక్టరుకి ఫోను చేశాను. "సాచురేషన్ ఎంత?" అన్నారు.

"95 సార్."

"బీపీ?"

"110, 70. నాడి 96. ఊపిరి 30 సార్, నేనే లెక్కపెట్టాను. పొట్ట గట్టిగా ఉంది."

"మిగతావన్నీ బానే ఉన్నాయి కదమ్మా."

"బాగోలేదు సార్. మీరు రండి."

వచ్చారు. ఎక్స్‌రే తీయించారు. పేగుకి చిల్లు పడింది. తెల్లారేలోపు సర్జన్ వచ్చి ఆపరేషన్ చేశారు. పన్నెండో రోజున మనవడి భుజం పట్టుకుని నడిచి వెళ్లింది.

ఆయాసమనీ, ఎగరొప్పనీ, గుండెల్లో బరువనీ చెప్పుకోడానికి తెలుగువాళ్లకి మాటలున్నాయి. ఒడియావాళ్లు ధైఁసైఁ అంటారు, అది మాకూ తెలుసు. సవరలో ఏమంటారో నాకు తెలియదు. మా పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు, మాట తెలియకుండా మనిషికి చదువు ఎలా చెబుతామని సవర నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి చలిజ్వరం తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. వందేళ్లు దాటింది. నేను పనిచేసిన ఏ వార్డులోనూ సవర వచ్చిన సిస్టర్ని చూడలేదు. ఆ రాత్రి ప్యాచీ ఆ లోటు కాస్త పూడ్చింది. అంతమాత్రాన సవర పిల్లల్ని నర్సింగులోకి తెచ్చే పని వదిలేయమని కాదు. అలా తెచ్చేదాకా, నోరు తెరిచి చెప్పుకోలేని మనిషి దగ్గర రాత్రంతా కాపలా ఒకటి ఉండాలంటున్నాను.

ఇప్పుడు రెండో మాట.

అదే మూడు నెలల్లో, మూడో వారం. డ్యూటీ ఫోను రాత్రంతా మోగేది. రోగి పక్కకి తిరిగితే మోగేది, దగ్గితే మోగేది, బాత్రూముకి వెళ్లొస్తే మోగేది. హద్దులు కంపెనీ పెట్టినవే అందరికీ ఒకటే. పొలం పని చేసే గట్టి మనిషికి నిద్రలో గుండె 48 కొట్టుకోవడం మామూలే, ఫోనుకి అది తెలియదు. ఏళ్లుగా బీడీ తాగి ఊపిరితిత్తులు పాడైనాయనకి సాచురేషన్ 89 అంటే రోజూ ఉండేదే. న్యూస్ స్కోరులో అలాంటివాళ్లకని 88 నుంచి 92 వరకు వేరే కొలత పెట్టారు, మా ఫోనులో ఎవరూ పెట్టలేదు. ఒక రాత్రి విసుగొచ్చి ఎవరో ఫోను సైలెంట్‌లో పెట్టి సొరుగులో వేశారు. పొద్దున్న డ్యూటీ మారేటప్పుడు తీసి చూస్తే, ఆరో మంచం ఆయన గుండె గంటకు పైగా 140 మీద కొట్టుకున్నట్టు ఉంది. ఆయన బతికాడు. మా గొప్పతనం వల్ల కాదు.

ఆ ఫోను సైలెంట్‌లో పెట్టిన అమ్మాయిని నేను తప్పు పట్టను. ఇది మా ఊరికే వచ్చిన జబ్బు కాదు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో హెచ్చరిక పంపింది. అలారంలతో ముడిపడిన 98 ఘటనలు మూడున్నరేళ్లలో దాని దృష్టికి వచ్చాయి, వాటిలో 80 మంది చనిపోయారు. మోగే అలారంలలో 85 నుంచి 99 శాతం వరకు ఎవరూ వచ్చి ఏమీ చేయనక్కర్లేనివే అని కూడా అందులో ఉంది. నూటికి తొంభై సార్లు ఊరికే పిలిచిన గొంతుని పదిసార్లు నిజంగా పిలిచినప్పుడు మనిషి చెవి ఎలా గుర్తు పడుతుంది?

అప్పుడే పైవాళ్ల నుంచి మాట వచ్చింది. "రాత్రంతా మెషిను చూస్తోంది కదా, ఇక వార్డుకి ఒక సిస్టర్ చాలు." ఆ మాట విన్నప్పటి కోపం నాకింకా చల్లారలేదు. ప్యాచీ లెక్కపెడుతుంది, ఒప్పుకున్నాను. ముసలమ్మ పూసలు జరిపి పొట్ట మీద చెయ్యి వేసింది ఎవరు? డాక్టరుతో "బాగోలేదు సార్, రండి" అని మొండిగా నిలబడింది ఎవరు? ఒకే రాత్రి ఇద్దరి ఊపిరి 30 దాటితే, ఉన్న ఒక్క సిస్టరూ ఏ మంచానికి పరుగెత్తాలి? ప్యాచీ పెట్టాక పని తగ్గదు. ఇదివరకు మనకి తెలియకుండా చెడిపోయిన వాళ్లు ఇప్పుడు తెలిసి చెడిపోతుంటారు. తెలిశాక వెళ్లకపోవడం తెలియక వెళ్లకపోవడం కన్నా పెద్ద నేరం.

సాచురేషన్ క్లిప్పు గురించీ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కోవిడ్ తర్వాత ఇంటింటా అందరూ దాన్ని దేవుడి మాటలా నమ్ముతున్నారు. జపాన్‌లో నిహోన్ కోడెన్ ఇంజినీరు తకువో అవొయాగి 1970ల మొదట్లో వేరే పని మీద ఉండగా దాని కిటుకు పట్టాడు. చెవికి కాంతి తగిలించి గుండె ఎంత రక్తం తోడుతోందో కొలవబోతే, నాడి కొట్టుకోవడం అడ్డొచ్చి అంకెలు చెడిపోయేవి. ఆ అడ్డునే లెక్కలోకి తెచ్చుకుంటే రక్తంలో ఆక్సిజన్ తెలుస్తుందని గ్రహించాడు. ప్రపంచమంతా ఆ క్లిప్పు కోసం మందుల షాపుల ముందు నిలబడ్డ 2020లోనే, ఏప్రిల్‌లో, ఆయన కన్నుమూశాడు. గొప్ప పని. కాని ఎర్ర కాంతీ, పరారుణ కాంతీ చర్మంలోంచే వెళ్లాలి. 2020 డిసెంబరులో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. క్లిప్పు 92 నుంచి 96 చూపించిన వాళ్లలో, ధమని రక్తం తీసి పరీక్షిస్తే నిజానికి 88 కన్నా తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతివాళ్లలో 11.7 శాతం. మా వార్డుల్లో ఎక్కువమంది ఎండలో పనిచేసే నల్లటి ఒంటివాళ్లు. చేతులు చల్లబడ్డా, నెయిల్ పాలిష్ ఉన్నా క్లిప్పు తడబడుతుంది. మన ఒంటి రంగుల మీద పరీక్షించి చూపించారా అని కొనేముందు అడిగే ఆసుపత్రిని నేనింతవరకు చూడలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. అడిగే హక్కు ఉంది, అడగాలి.

డబ్బు సంగతి. ప్యాచీ కొన్ని రోజులు పనిచేసి పారేసేది. బిల్లులో ఒక వరస పెరుగుతుంది. పాతపట్నం నుంచి వచ్చిన ఒకావిడ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని "ఇది తీసేస్తే ఎంత తగ్గుద్దమ్మా?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. సర్కారు కొని సర్కారు వార్డులో పెడితే తప్ప ఇది చేరాల్సిన వాళ్లకి చేరదు. ప్యాచీల వల్ల మరణాలు ఎంత తగ్గుతాయన్న దాని మీద అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదన్నది నిజమే. నాకు అది ఆశ్చర్యం అనిపించదు. అలారం మోగాక ఎవరు వస్తారన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కదా.

అందుకే మా ఆసుపత్రిలో ప్యాచీలు మళ్లీ తెప్పిస్తున్నారని తెలిసి, ఆరుగురు సిస్టర్లం కలిసి ఒక కాగితం రాసిచ్చాం. ఏ రాత్రి ఫోను ఎవరి చేతిలో ఉంటుందో పేరు గోడ మీద ఉండాలి. ఆమెకి వేరే మంచాల పని ఉండకూడదు. ఆమె పిలిస్తే ఎన్ని నిమిషాల్లో ఏ డాక్టరు రావాలో ఆ పేరూ పక్కనే ఉండాలి. ఎవరి హద్దులు వారికి వేరుగా, చేరిన రోజే డాక్టరు రాయాలి. గీతలు వచ్చిన మంచానికి అలారం మోగినట్టే వెళ్లాలి. వార్డుకి ఇద్దరు సిస్టర్లకి తగ్గితే ఆ రాత్రి ప్యాచీ పెట్టం.

జవాబు ఇంకా రాలేదు. నిన్న రాత్రి 26 మంది ఉన్నారు, ఇద్దరం. నర్సింగు మూడో ఏడు చదువుతున్న అమ్మాయి ఒకతె మాతో ఉంది. చేతి గడియారం విప్పి తన చేతికిచ్చి, చెరి సగం మంచాలు పంచుకున్నాం. తను రాసిన చార్టులు పొద్దున్న చూశాను. 16, 18, 22, 14, 19, 27. ఆ 27 దగ్గర తను నన్ను లేవదీసింది, నేను డాక్టరుని లేపాను.